చివర ఎక్కి ముందు దిగే బస్సు

మా బస్సు వెనక తలుపు ఎంత వెడల్పు ఉండాలో నాకెవరూ చెప్పలేదు, నేనే కొలిచాను. అత్తాపూర్‌లో మా పక్క వీధిలోని ఫిజియోథెరపీ సెంటరుకు టేపు పట్టుకుని వెళ్ళి, అక్కడున్న చక్రాల కుర్చీలన్నిటినీ అడ్డంగా నిలువుగా కొలిచి, ఆ అంకెలు పాత కేలండరు వెనక రాసుకుని శంషాబాద్‌లో ఒక వెల్డింగు షాపుకు పోయాను. షాపతను కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "మేడం, ఇది బస్సా, దవాఖానానా?" అన్నాడు. "రెండూ కాదు, నువ్వు తలుపు కొయ్యి" అన్నాను. ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి, చాలనుకుని బయటికొచ్చిన మనిషిని. మాట పడడం నాకు అలవాటు లేదు, అనడం మాత్రం బాగా అలవాటు.

అది 2008, శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచిన ఏడాది. దేశదేశాల నుంచి జనం వచ్చి దిగుతుంటే, ఆ రన్‌వేకి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో కాళ్ళు పనిచెయ్యని వాళ్ళు వాకిలి దాటలేక కూర్చున్నారు. ఆర్టీసీ బస్సు మెట్టు మామూలు మనిషికే మోకాలి ఎత్తు. ఆటోవాళ్ళు కుర్చీని చూడగానే గేరు మార్చేవాళ్ళు. కారు మాట్లాడుకుంటే కుర్చీ డిక్కీలో పట్టదు, మనిషిని ఇద్దరు ఎత్తి లోపల వెయ్యాలి. మేం ఐదారుగురం కలిసి పెట్టుకున్న చిన్న సంస్థ ఈ ఒక్క పని కోసమే పుట్టింది. మాకు తెలిసిన ఒక స్కూలు యాజమాన్యం పాత బస్సునిచ్చింది. పసుపు రంగు తీయించి తెల్ల రంగు వేయించాం.

ఎడమవైపు సీట్లన్నీ పీకించి అక్కడ మూడు చక్రాల కుర్చీలు ఒకదాని వెనక ఒకటి నిలిచేలా నేలకు కొక్కేలు వేయించాను. కుడివైపు వెంట వచ్చేవాళ్ళకు ఒంటి సీట్లు ఉంచాం. మధ్యలో మిగిలిన సందులో మనిషి పక్కకు తిరిగి నడవాలి, కుర్చీ పట్టే ప్రసక్తే లేదు. వెనక తలుపుకు ఇనప రేకుతో ర్యాంపు. మొదటి ర్యాంపు తయారైన రోజున పరీక్షించడానికి నేనే కుర్చీలో కూర్చున్నాను. వెల్డింగతను, డ్రైవరు కలిసి తోస్తే సగం దూరం ఎక్కి, అక్కడి నుంచి ముగ్గురం కలిసి వెనక్కి వచ్చాం. "మీరు జర బరువు..." అని డ్రైవరు మొదలుపెట్టి నా మొహం చూసి ఆపేశాడు. ఏటవాలు ఎక్కువైందని తెలిసింది. రెండోసారి రెండు మడతల పొడుగాటి ర్యాంపు చేయించాం, అది ఆరేళ్ళూ పనిచేసింది.

డ్రైవరు గురించి చెప్పాలి. శంషాబాద్ మనిషే. అంతకు ముందు క్యాబు నడుపుతూ ఎయిర్‌పోర్టు కిరాయిలు కొట్టేవాడు. విమానం టైముకు అందించాలని పరిగెత్తి పరిగెత్తి విసిగి మా దగ్గరికొచ్చాడు. వచ్చాక ఇక పరుగన్నది మరిచిపోయాడు. ఒక్కో కుర్చీకి నాలుగు బెల్టులు. ఒక్కోదాన్నీ రెండేసిసార్లు లాగి చూస్తేగాని సీటులో కూర్చునేవాడు కాదు. "బాబూ, విమానం కూడా ఇంత జాగ్రత్తగా లేవదు" అనేదాన్ని. "విమానంల కూసున్నోల్లకు కాళ్లుంటయి మేడం" అనేవాడు. అతను చెప్పింది నిజమే, కానీ ఆ మాట అతనితో అనలేదు.

ఇక నా ఘనకార్యం. ఆఫీసు రోజుల్లో రోజూ రెండు బస్సులు మారి వెళ్ళినదాన్ని. ముందు వైపు ఆడవాళ్ళ సీట్లలో దర్జాగా కూర్చున్న మగవాళ్ళను లేపడంలో నాకు పేరుండేది. కండక్టర్లు నన్ను చూస్తే ధైర్యంగా ఉండేవాళ్ళు. మా సొంత బస్సు వచ్చేసరికి మొదటి రోజునే పెయింటరును పిలిచి, ఎడమవైపు ముందు, మొదటి కుర్చీ నిలిచే చోట కిటికీ మీద ఎర్రటి అక్షరాలతో 'స్త్రీలు' అని రాయించాను. ఆడవాళ్ళు ముందుండాలి, గాలీ వెలుతురూ వాళ్ళకు రావాలి, మగవాళ్ళను ఒరుసుకుంటూ వెళ్ళే పని వాళ్ళకు ఉండకూడదు. దీన్ని ఎవరు కాదంటారు? ఎవరూ కాదనలేదు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నేను మరీ మురిసిపోయాను.

రూటు కాగితం రాసేది కూడా నేనే. ఎవరు ఎక్కడ ఎక్కుతారో వరసగా రాసి డ్రైవరు చేతికిచ్చేదాన్ని. మనుషులను కూడా ఎక్కే చోటుతోనే పిలుచుకునేవాళ్ళం. ఆడవాళ్ళు ఉన్న రోజున ముందు వాళ్ళను ఎక్కించుకోవాలి, ఆ తర్వాతే మగవాళ్ళు. ముందు ఎక్కితేనే కదా ముందుకు వెళ్ళేది. దారిలోనే మగవాళ్ళ ఇళ్ళున్నా బస్సు వాటిని దాటి ఖాళీగా పోయి, ఆడవాళ్ళను ఎక్కించుకుని, వెనక్కి వచ్చి వాళ్ళను ఎక్కించుకునేది. డ్రైవరు ఒకసారి గొణిగాడు. "మేడం, ఇల్లు తొవ్వలనే ఉండె, ముందుగాల్ల ఎక్కించుకుంటె అయిపోవు గద." నేను కిటికీ మీది ఎర్ర అక్షరాలు చూపించాను. అతను గేరు వేసి బస్సు కదిలించాడు.

ఇలా మూడేళ్ళు హాయిగా సాగింది. ఆసుపత్రులకు, పెన్షను ఆఫీసులకు, పెళ్ళిళ్ళకు, ఒకసారి ఏడుగురిని మూడు విడతలుగా ఓటు వేయించడానికి కూడా తీసుకెళ్ళాం. ఊరంతా బంద్ ఉన్న రోజుల్లో కూడా మా బస్సును ఎవరూ అడ్డుకోలేదు. రోడ్డు మీద కూర్చున్నవాళ్ళే లేచి దారిచ్చేవాళ్ళు, ఒకరిద్దరు వచ్చి ర్యాంపు పట్టేవాళ్ళు. ఆ రోజుల్లో నన్నెవరైనా బస్సు గురించి అడిగితే గంటసేపు వదిలేదాన్ని కాదు.

మామిడిపల్లి ఆమె 2011లో మా బస్సు ఎక్కింది. ముప్ఫై దాటి ఉంటాయి. నాలుగేళ్ళ కిందట కొత్తగా కడుతున్న ఇంటి గోడలకు నీళ్ళు కొడుతూ పై అంతస్తు నుంచి పడింది. నడుం కింద నుంచి కదలిక లేదు. అమ్మ దగ్గర ఉండేది. పది పాసైంది, చేతిరాత ముత్యాల్లా ఉండేది. మా వాళ్ళలో ఒకరు వాకబు చేసి, శంషాబాద్ అవతల మందులు నిలవ చేసే ఒక గోదాంలో ఆమెకు పని చూశారు. బల్ల ముందు కూర్చుని అట్టపెట్టెల మీది నంబర్లు కాగితంతో సరిచూసి చీటీలు అంటించాలి. రెండు నెలలు చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు. తొమ్మిదికల్లా బల్ల దగ్గర ఉండాలి, మూడుసార్లు ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు. ఆ షరతు అక్కడ పనిచేసే అందరికీ ఉన్నదే.

మొదటి రోజున ఆమెను 'స్త్రీలు' కింద నిలబెట్టి బెల్టులు బిగిస్తుంటే, ముందు అద్దంలోంచి రోడ్డును అలాగే చూస్తూ ఉండిపోయింది. నాలుగేళ్ళుగా ఆమె చూసింది ఇంటి దూలాలే. పహాడీ షరీఫ్ వైపు మలుపు తిరగగానే ఒక విమానం మా నెత్తి మీదుగా దిగింది. "గింత కిందికెళ్లి పోతదా!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను రాయించిన ఎర్ర అక్షరాలకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

సాయంత్రం దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని అంది. "మేడం, ఈ పని నాకు ఉండాలె. మల్ల ఇంటికి పోయి మంచంల పండుడు ఇగ నాతోని కాదు." నేను, "ఎందుకు ఉండదూ, బస్సు నాది" అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

మూడు వారాలు బాగా నడిచింది. పొద్దున బస్సులో ఆమెతోపాటు శంషాబాద్‌లో ఎక్కి అత్తాపూర్‌లో జిరాక్సు షాపు నడిపే ఒకాయన ఉండేవాడు. గోదాం ముందు ఆయన కుర్చీని దింపి, ఆమెను దింపి, మళ్ళీ ఆయన్ని ఎక్కించేవాళ్ళు. అది మాకు అలవాటైన పద్ధతే, బస్సంటే ఇలాగే ఉంటుందనుకున్నాం. నాలుగో వారంలో శంషాబాద్ పెద్దాయన కూడా ఆ ట్రిప్పులో చేరాడు. ఆయనకు చక్కెర జబ్బుతో ఒక కాలు తీసేశారు, కిడ్నీలు కూడా పాడై వారానికి మూడుసార్లు అత్తాపూర్ వైపు ఆసుపత్రిలో డయాలిసిస్. అంతవరకు మధ్యాహ్నం ఉండేది, ఆ సోమవారం నుంచి పొద్దున పదికి మార్చారు. డ్రైవరు ఆయన్ని, తండ్రిని పిలిచినట్టు, బాపు అనేవాడు. నేను మా కోస్తా మర్యాద పోనివ్వక బాపుగారూ అనేదాన్ని. "గారెందుకు బిడ్డా, బాపు అంటెనే సాలు" అని నవ్వేవాడు.

ఆ సోమవారం మామిడిపల్లి ఆమె పది నిమిషాలు ఆలస్యంగా బల్ల దగ్గరికి చేరింది. బుధవారం మళ్ళీ పన్నెండు నిమిషాలు. ఆమె నాకు ఫోను చేసి, ఏడవకుండా, "మేడం, రెండయినయి. ఇంకొక్కటైతే ఒడిసె" అంది.

నాకు ఒళ్ళు మండింది. డ్రైవరుకు ఫోను చేసి కడిగేశాను. టీకి ఎక్కడ ఆపుతున్నావు, బెల్టులను ఎన్నిసార్లు లాగుతున్నావు, ఆ పిల్ల బతుకు నీ చేతిలో ఉందని తెలుసా అని. అతను మొత్తం విని, "బండి టైముకే పోతున్నది మేడం" అన్నాడు. ఒక్క మాటే. నేను నమ్మలేదు.

గురువారం పొద్దున్నే గోదాంకు వెళ్ళాను, సూపర్‌వైజరుతో తేల్చుకుందామని. మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. నడవలేని మనిషికి పది నిమిషాలు ఆలస్యమైతే కొంప మునిగిందా అని అడగాలని దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. అతను సన్నగా, మర్యాదగా ఉన్నాడు. నాకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నా ఉపన్యాసం పూర్తయ్యేదాకా విన్నాడు. అప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ రాసే పుస్తకం తెప్పించి నా ముందు పెట్టాడు.

"మేడం, మీ బస్సు నిన్న ఎనిమిది నలభైకి గేటు ముందు ఆగింది. సోమవారం కూడా అంతే. ఆవిడ లోపలికి వచ్చింది మాత్రం తొమ్మిది దాటాక. ఆ మధ్యలో ఏం జరిగిందో నేను చెప్పను, రేపు మీరే చూడండి. ఇవాళ ఒక్క కుర్చీయే అడ్డం కాబట్టి ఆవిడ టైముకే వచ్చారు."

ఆ పుస్తకంలోని అంకెలను వేలు పెట్టి రెండుసార్లు చదివాను. చూడడానికి రేపటిదాకా ఆగనక్కర్లేదు, అక్కడే కూర్చుని నాకు మొత్తం కనిపించింది. మా బస్సులో కుర్చీ పట్టే తలుపు ఒకటే, అది వెనకుంది. లోపల కుర్చీ కుర్చీని దాటలేదు. ముందు ఎక్కినవాళ్ళు అందరికన్నా లోతున ఉంటారు, చివర దిగుతారు. అందరికన్నా ముందు దిగాల్సిన మనిషిని నేను ఆడది కాబట్టి తీసుకెళ్ళి అందరికన్నా లోపల పెట్టాను. ఆమె దిగాలంటే పెద్దాయన నాలుగు బెల్టులూ విప్పి ర్యాంపు మీదుగా దింపాలి, జిరాక్సాయన నాలుగూ విప్పి దింపాలి, ఆ తర్వాత ఆమెవి. అదంతా అయి ఆమె బల్ల దగ్గరికి చేరేసరికి అరగంట. ఆర్టీసీ బస్సుకు ముందు కూడా తలుపుంది కాబట్టి ఆడవాళ్ళు ముందుంటే చెల్లింది. మా తలుపును నేను వెనక కోయించి, అక్షరాలు ముందు రాయించాను. మూడేళ్ళుగా ఎంతమంది ఆడవాళ్ళు ఇలా కుర్చీలన్నీ దిగి ఎక్కేదాకా లోపల ఆగి ఉంటారో! ఒక్కరూ నాతో అనలేదు. అననిస్తే కదా నేను.

సిగ్గుపడ్డాను. కానీ సిగ్గుపడుతూ కూర్చుంటే శుక్రవారం ఆగదు, ఆ రోజు పెద్దాయనకు డయాలిసిస్.

సాయంత్రం ఆమెను ఇంటికి తీసుకెళ్ళే ట్రిప్పులో నేనూ ఎక్కాను. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది, మొదట నేను చెప్పిన ఉపాయం అక్షరాలను కాపాడేదే. "రేపటి నుంచి అరగంట ముందు బస్సు పంపిస్తాను, సిద్ధంగా ఉండు" అన్నాను.

"ఎట్ల మేడం? నేను నాలుగున్నరకే లేస్త. తానం, బట్టలు, అన్నిటికి మా అమ్మ ఒక్కతే చెయ్యి వడతది. గంటన్నర దాటుతది. ఇంక ముందంటె అమ్మతోని కాదు."

"మరైతే?"

ఆమె వెనక తలుపు వైపు చెయ్యి చూపించింది. "నన్ను ఆడ పెట్టుండ్రి. తలుపు కాడ."

"అక్కడా? దుమ్మంతా మొహం మీదికొస్తుంది. రోడ్డూ కనిపించదు, విమానాలూ కనిపించవు. మగవాళ్ళ వెనకాల ఎలా కూర్చుంటావు?"

"రోడ్డు సూసుడు సాలు మేడం" అంది ఆమె. "నాకు దిగుడు కావాలె."

డ్రైవరు అద్దంలోంచి నన్నొకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. నాలుగు వారాలుగా ఆమెకేది మంచిదో నేనే తేల్చేశాను, ఎక్కడ కూర్చుంటావమ్మా అని ఒక్కసారీ అడగలేదు.

ఆమె తలుపు దగ్గర ఉండాలంటే అందరికన్నా చివర ఎక్కాలి. అంటే పెద్దాయన్నీ జిరాక్సాయన్నీ ముందు ఎక్కించుకుని, వాళ్ళను మామిడిపల్లి దాకా తిప్పి తీసుకురావాలి. జిరాక్సాయన ఫోనులోనే సరేనన్నాడు. పెద్దాయన సంగతే నాకు బెంగ. డయాలిసిస్ మనిషి, గంట ముందు లేవమనాలి, గంటసేపు ఊరికే బస్సులో కూర్చోమనాలి. వెనక్కి మళ్ళి శంషాబాద్‌లో ఆయన ఇంటి ముందు బస్సు ఆపించాను. ఆయన కుర్చీలో వాకిట్లోనే ఉన్నాడు. నేను దిగి, ఎర్ర అక్షరాల దగ్గర నుంచి గేటు పుస్తకం దాకా ఏదీ దాచకుండా చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. మా డ్రైవరు వింటుండగా చెప్పాను, అది అన్నిటికన్నా కష్టమైంది.

పెద్దాయన బస్సులో ఉన్న ఆమెను చూశాడు, ఆమె తల దించుకుని ఉంది. మళ్ళీ నా వైపు తిరిగాడు.

"గంతేనా? నాకు నిద్ర యాడిది బిడ్డా, తెల్లందాక మెల్కువనే ఉంట. మామిడిపల్లి దాక తిరిగొస్తె గాలిమోటర్లన్న సూస్త." ఆ వెంటనే గంభీరంగా అడిగాడు. "గని ఒక్కటి సెప్పు. ఆడోళ్ల సీట్ల కూసుంటె నాకు ఫైన్ ఏస్తవా?"

డ్రైవరు ముందు నవ్వాడు. తర్వాత ఆమె. అందరికన్నా చివర నేను నవ్వాను.

శుక్రవారం నేనూ బస్సుతోపాటు బయల్దేరాను. పెద్దాయన్ని ఎక్కించాం, 'స్త్రీలు' కింద నిలిపి డ్రైవరు నాలుగు బెల్టులూ రెండేసిసార్లు లాగి చూశాడు. నేనే బెల్టు కొసలు అందించాను. తర్వాత జిరాక్సాయన. మామిడిపల్లిలో ఆమె అమ్మ కుర్చీని వాకిట్లోకి తోసుకొచ్చి, రోజూలా ముందుకు ఎక్కించరా అన్నట్టు చూసింది. ఆమె, "ఇగ గీడ్నే అమ్మా" అని తలుపు పక్కన నిలిచింది. తిరుగుదారిలో విమానం దిగింది. పెద్దాయన, "అబ్బ, ఎంత పెద్దగున్నదే!" అని కేకేశాడు. ఆమెకు అది కనిపించలేదు. ఆమె వాచీ చూసుకుంటోంది.

ఎనిమిది నలభై రెండుకు గోదాం గేటు ముందు ఆగాం. తలుపు తెరిచి, ర్యాంపు దించి, ఆమె నాలుగు బెల్టులూ విప్పి కిందికి దింపడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఎవరినీ దింపలేదు, ఎక్కించలేదు. ఆమె గేటులోకి వెళ్ళేసరికి తొమ్మిదికి ఇంకా పది నిమిషాల పైనే టైముంది. సూపర్‌వైజరు లోపలి నుంచి వచ్చి, "ఇవాళ బస్సు తొందరగా వచ్చినట్టుందే" అన్నాడు మా డ్రైవరుతో, అంతా తెలిసే నవ్వుతూ.

"బస్సు రోజు గిదే టైముకు వస్తది సార్" అన్నాడు డ్రైవరు. ఆ మాట ఆయనకు చెప్పాడో నాకు చెప్పాడో నాకు బాగా తెలుసు. "నీదే రైటు, నన్ను మన్నించు" అన్నాను. అతను ఇబ్బందిపడి ర్యాంపు మడతపెట్టడంలో మునిగిపోయాడు.

ఆ ఆదివారం బ్లేడు తీసుకుని కిటికీ మీది అక్షరాలు నేనే గీకాను. ఎర్ర రంగు పోయింది గాని, దాని నీడ అద్దం మీద ఉండిపోయింది. అప్పటి నుంచి రూటు కాగితం తలకిందులుగా రాయడం మొదలుపెట్టాను. ముందు దిగే చోటు, ఎవరెవరు ఎక్కడ, ఏ టైముకు. ఆ తర్వాతే ఎక్కే చోటు. ఎవరు కొత్తగా వచ్చినా మా బస్సులో మొదటి ప్రశ్న ఒకటే, మీరెక్కడ దిగుతారు? తెలిసినా అడగాలని నియమం పెట్టాను. మరుసటి ఏడాది రెండో బస్సు కొన్నప్పుడు పక్కన కూడా ఒక తలుపు కోయించాను. ఈసారి కొలిచేముందు ఆమెను తీసుకెళ్ళి, లోపల కూర్చోబెట్టి, ఎక్కడుండాలో అడిగాను. ఆమె నా టేపు తీసుకుని తనే కొలిచింది.

ఇంతకీ గోదాంలో ఆ రెండు నెలలు గడిచాక ఆమెను ఉంచుకున్నారు. మూడో ఆలస్యం పడనే లేదు.

2014 నాటికి మేం అత్తాపూర్ వదిలి, ఎప్పుడో కొన్న శంషాబాద్ ప్లాటులో ఇల్లు కట్టుకున్నాం. కొత్త ఇంటి కొత్త బాత్‌రూములో, ఆ నున్నటి టైల్స్ మీద నేను జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆపరేషను తర్వాత ఆరు వారాలు చక్రాల కుర్చీ. అత్తాపూర్‌లో నేను టేపు పట్టుకుని వెళ్ళిన ఆ ఫిజియోథెరపీ సెంటరుకే రోజూ వెళ్ళాలి. వెళ్ళేది మా పాత బస్సులోనే, ఇంకేం ఉంది?

పొద్దున్నే మా ఇంటి ముందు బస్సు ఆగింది. డ్రైవరు ర్యాంపు దించి, చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "మేడం, యాడ దిగుతరు?"

"నీకు తెలీదూ?"

"తెలుసు. అడగాలె గద, మీరే పెట్టిన్రు."

"అత్తాపూర్" అన్నాను పళ్ళు కొరుకుతూ. చివర దిగేది నేనే కాబట్టి నన్ను అందరికన్నా లోపలికి తోశాడు. అది పెద్దాయన చోటు. ఆయన పోయి అప్పటికి ఏడాది. రెండేళ్ళు ఆ కుర్చీ జాగాలో కూర్చుని వచ్చే పోయే ప్రతి విమానానికీ కేకేసిన మనిషి. కిటికీ మీద నేను గీకిన అక్షరాల నీడ ఇంకా ఉంది. నాకు ఆయన మీద ఒక్కసారిగా బెంగ వచ్చింది, కళ్ళు తుడుచుకున్నాను. డ్రైవరు బెల్టులు రెండేసిసార్లు లాగాడు. ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసింది, అతను మూడుసార్లు లాగినా తప్పు లేదని.

మామిడిపల్లిలో ఆమె చివర ఎక్కింది. మెడలో గోదాం కార్డు వేలాడుతోంది. ఇప్పుడు ఆమె కింద ఇద్దరు చీటీలు అంటిస్తున్నారని డ్రైవరు చెప్పాడు. "మేడం, ఎట్లున్నది కాలు?" అని తలుపు దగ్గర నుంచే అరిచింది. నేను వెనక్కి తిరగలేను, నాలుగు బెల్టులు. "కాలు బాగానే ఉంది, రోడ్డు బ్రహ్మాండంగా కనిపిస్తోంది" అని నేనూ అరిచాను.

గోదాం గేటు దగ్గర బస్సు ఆగింది. తలుపు తెరుచుకోవడం, ర్యాంపు నేలకు తగలడం వినిపించాయి. టైముకు ముందే వచ్చాం గదా, ఆగి నాతో రెండు మాటలు మాట్లాడుతుందేమో అనుకున్నాను. డ్రైవరు సీటు పైనున్న అద్దంలో చూస్తే అప్పటికే ఆమె సగం దూరం వెళ్ళిపోయింది. చక్రాలు గబగబా తిప్పుకుంటూ, వెనక్కి చూడకుండా, "మేడం, పోయొస్త, లేటైతది!" అని గేటులోకి తిరిగింది.

ఆగలేదు. ఆగి ఉంటే తిట్టేదాన్ని.